గిన్నెడు పాలలో మునిగిన ఊరు

కృష్ణకు వరదొస్తే ఊళ్లు మునుగుతాయి. పెద్ద నది, దానికి ఆ హక్కుంది. కానీ ఒక ఊరిని స్టేషనుతో సహా, పట్టాలతో సహా, టిఫిన్ సెంటరు బల్లలతో సహా గిన్నెడు పాలతో ముంచినవాడు ఈ డెల్టా మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఘనుడు చేతులు కట్టుకుని మీ ముందు నిలబడ్డాడు. నవ్వదలుచుకున్నవాళ్లు ముందు వరసలోకి రండి. జాలిపడదామనుకున్నవాళ్లు వెనక కూర్చోండి. చివరికి వచ్చేసరికి మీకు పెద్దగా పని ఉండదు.

నా పేరు సత్తిబాబు. పెళ్లిమండపాలకు థర్మాకోలు పని చేస్తాను. పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు, మధ్యలో బాణం గుచ్చుకున్న హృదయం, అటూ ఇటూ రెండు హంసలు. బెజవాడలో ఎన్ని జంటలు నా హంసల ముందు ఫొటోలు దిగాయో లెక్కలేదు. లెక్కంటే గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతిలో లెక్కలూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుని, జాతకాలు కలవలేదని పెద్దమనుషుల్లా విడిపోయాం. అప్పట్నించీ ఇదే పని. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. పెళ్లిళ్లు ఎలాగూ ఊరందరివీ చేస్తున్నాను. ఇల్లు ఒక్కటే మిగిలింది.

ఆ ముచ్చట తీర్చిన మహానుభావుడు విశ్వేశ్వరరావుగారు. భవానీపురంలో మా వీధి చివరి ఇల్లు ఆయనది. రైల్వేలో సిగ్నళ్ల పని చేసి రిటైరయ్యారు. మనిషి రిటైరయ్యాడు గానీ రైలు ఆయన్ని వదల్లేదు. డాబా మీద గదిలో మంచాలు తీయించేసి, గోడకీ గోడకీ పట్టేంత బల్ల వేయించి, దాని మీద పట్టాలు పరిచి, మూరెడు రైలు నడుపుకుంటుంటారు. బొమ్మ రైలు అనకూడదు. నేనోసారి అంటే కాఫీ ఇవ్వకుండా పంపించారు. మోడల్ రైల్వే అనాలి. అసలు ప్రపంచంలో ఏ వస్తువైనా ఆ బల్ల మీదకొచ్చేసరికి ఎనభై ఏడో వంతుకు కుంచించుకుపోవాలి. ఆరడుగుల మనిషి వేలి కణుపంత అయిపోతాడు.

థర్మాకోలు కొండ ఒకటి చెక్కి పెట్టమని ఆయనే పిలిపించారు. వెళ్లాను. రైలు కూత పెట్టుకుంటూ నా ముక్కు ముందునుంచి వెళ్లింది. అంతే, నాకు ముప్పై ఏళ్లు వచ్చిన సంగతి మర్చిపోయాను. కానీ నోరు ఊరుకోదు కదా.

"గురువుగారూ, ఈ బండి ఏ ఊరు వెళ్తోందండీ?"

"మన డెల్టా లైనేనయ్యా. గుడివాడ వైపు అనుకో."

"మరి ఇళ్ల కప్పులన్నీ ఇంత ఏటవాలుగా ఉన్నాయేంటండీ, జారుడుబల్లల్లాగా?"

"అవి జర్మనీ నుంచి తెప్పించిన ప్లాస్టిక్ ఇళ్లు. అక్కడ మంచు నిలవకుండా జారిపోవాలని అలా కడతారు."

"గుడివాడలో మంచు పడితే ఐస్‌ఫ్రూట్ బండి బోల్తాపడిందనుకుని పిల్లలు చెంచాలు తెచ్చుకుంటారండీ."

విశ్వేశ్వరరావుగారు కళ్లజోడు ముక్కు చివరికి దించి నన్ను చూశారు. "నోరు అందరికీ ఉంటుందయ్యా సత్తిబాబూ. పనితనం చేతుల్లో ఉందా?"

"కొలతలు చెప్పండి, కట్టి చూపిస్తాను."

అలా పడింది ఒప్పందం. పట్టాలకు ఇటువైపు జాగా నాది. అటువైపు జర్మనీ అలాగే ఉంటుంది. వచ్చే నెలలో ఆయన పాత స్నేహితులు గుంటూరు నుంచి బల్ల చూడటానికొస్తున్నారు. అందరూ రైలు పొగలో పండిపోయినవాళ్లు. వాళ్లకు నా వైపు నచ్చిందా, జర్మనీని పెట్టెలో సర్దేసి ఊరు మొత్తం నా చేతిలో పెడతారు. అటువైపు నచ్చిందా, నేను పోయి నా బాణాలూ హృదయాలూ చెక్కుకోవాలి.

ఇక్కడొక్క మాట నవ్వులాటకు కాకుండా చెప్పాలి. నాకు ఆ ఊరు కావాలనిపించింది. మండపంలో నేను చెక్కింది ఏదైనా మర్నాటికి చెత్తబండి ఎక్కుతుంది. నా హంసల ఆయుష్షు ఒక్క రాత్రి. ఈ బల్ల మీద కట్టింది నిలబడుతుంది, దాని ముందునుంచి రోజూ రైలు కూడా వెళ్తుంది. ఇంతకంటే మనిషికి ఏం కావాలండీ?

ఇక చూడండి నా వీరవిహారం. మిగిలిపోయిన పెళ్లికార్డుల అట్టతో గోడలు. గరుకు కాగితంతో తారురోడ్డు. మాత్రలు అయిపోయిన రేకుతో టిఫిన్ సెంటరు షెడ్డు. దువ్వెన పళ్లతో డాబా పిట్టగోడ. రీఫిళ్లతో గొట్టాలు. వాడేసిన టీపొడి ఎండబెట్టి, జిగురు రాసి చల్లితే, అబ్బ, అచ్చం మన నల్లరేగడి. స్టేషను కట్టాను, పక్కన నీళ్లట్యాంకు ఉన్న డాబా ఇల్లు కట్టాను, టిఫిన్ సెంటరు కట్టాను, గోడ మీద "ఇచ్చట నోటీసులు అంటించరాదు" అని రాసి దాని మీదే నోటీసులు అంటించాను. నేను ఒక్కో ఇల్లు కడుతుంటే మా ఇల్లు కొంచెం కొంచెం ఖాళీ అవుతూ వచ్చింది.

"ఏవండీ, టీ జల్లెడ ఏదండీ?" అంది మా ఆవిడ రమణి ఓ పొద్దున.

"డాబా ఇంటికి కిటికీలు అయిందే."

"మరి టీ ఎట్టా వడకట్టేది?"

"ఆ కిటికీలోంచే పొయ్యి."

"దువ్వెన కూడా లేదు."

"పిట్టగోడ."

"నన్నెప్పుడు కడతారు అందులో?"

"నువ్వు కొలతకు సరిపోవే. ఎనభై ఏడో వంతుకు తగ్గాలి."

ఆ రోజు నాకు టిఫిన్ లేదని మీకు వేరే చెప్పక్కర్లేదు.

విశ్వేశ్వరరావుగారు మాత్రం ప్రతి ఇంటినీ స్కేలు పెట్టి కొలిచేవారు. "ఈ గుమ్మం ఎత్తు చాల్లేదయ్యా. మనిషి వంగి వెళ్లాలి."

"మా అమ్మమ్మ ఇంట్లో అందరూ వంగే వెళ్లేవాళ్లండీ. అందుకే మా వంశానికింత వినయం."

"అందులో నీ వాటా ఏమైంది?" అని ఆయన గుమ్మం కోయించారు.

ఆదివారం రానే వచ్చింది. అతిథులెక్కిన బండి ఆలస్యమని ఫోనొచ్చింది. నా పతనానికి ఆ ఆలస్యమే కారణం. ఖాళీగా ఉన్న చేతులకు పని దొరికింది. ఇటువైపు నా ఊరు నిగనిగలాడుతోంది, సున్నం వేసిన గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. అప్పుడు తట్టింది నాకు: కొత్త ఇల్లు కట్టాం, గృహప్రవేశం ఏదీ?

"గురువుగారూ, శాస్త్రం జరిపించకుండా ఇల్లు చూపించకూడదండీ."

"అట్టముక్కకు శాస్త్రమేంటయ్యా!"

"అట్టముక్క అని మీరంటే ఎలాగండీ? బొమ్మ రైలు అంటే మీరు ఊరుకున్నారా?"

ఆ దెబ్బకు ఆయన మెత్తబడ్డారు. రమణిని పిలిచాను. ఎంత తిట్టినా ఇలాంటివాటికి ముందుండేది ఆవిడే. మామిడాకు కడితే వీధి మొత్తం మూసుకుపోతోందని, కొత్తిమీర ఆకులు దారానికి గుచ్చి గుమ్మానికి తోరణం కట్టింది. అగ్గిపుల్ల కొనతో పసుపూ కుంకుమా పెట్టింది. ఇంజనుతో నిమ్మకాయ తొక్కిద్దామని ఎదురుగా పెట్టాను. చూస్తే నిమ్మకాయ ఇంజనంత ఎత్తుంది. పట్టాల మీద కొండచరియ విరిగిపడ్డట్టుంది.

"నిమ్మకాయ కింద ఇంజన్ని పెట్టాలేమోనండీ" అంది రమణి.

నిమ్మకాయ తీసేసి నిమ్మగింజలు పెట్టాం. ఇంజను వాటినెక్కి, పక్కకు ఒరిగి, పడుకుంది. విశ్వేశ్వరరావుగారు పట్టకారుతో దాన్ని లేపి పట్టాల మీద పెడుతూ, "చాలయ్యా, ఇంతటితో చాలు" అన్నారు. కొబ్బరికాయ తీయబోతే నా మణికట్టు పట్టుకున్నారు. నలభై ఏళ్లు సిగ్నలు మీటలు లాగిన చెయ్యి అది. కొబ్బరికాయ ఆలోచన అక్కడే పగిలింది.

"కనీసం పాలైనా పొంగించాలండీ. పాలు పొంగని ఇంట్లో పిల్లాజెల్లా చల్లగా ఎలా ఉంటారు?"

"ఆ ఇంట్లో పిల్లాజెల్లా ఎక్కడున్నారయ్యా?"

"ఇవాళ లేకపోతే రేపొస్తారండీ. ఇల్లంటూ ఉంటే."

ఆయన నిట్టూర్చారు. డాబా ఇంటి పక్కన, రైస్ మిల్లు కోసం వదిలిన ఖాళీ స్థలంలో, గచ్చు పలక ముక్క వేసి దాని మీద కానివ్వమన్నారు. అదీ సీసా మూతతోనే. సరేనన్నాను. రెండు రాళ్లు, మధ్యన కర్పూరం బిళ్ల, పైన రేకు మూతలో నాలుగు చుక్కల పాలు. ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం. పాలు బుడగలొచ్చాయి, చిక్కబడ్డాయి, ఎర్రబడ్డాయి, మూతకు అంటుకుపోయాయి.

"పొంగలేదే!" అన్నాను.

"కోవా అయింది" అంది రమణి.

అంతలో మళ్లీ ఫోను. అతిథులు ఆటో ఎక్కారట. విశ్వేశ్వరరావుగారు చొక్కా సర్దుకుని కిందికి బయల్దేరుతూ, గుమ్మంలో ఆగి, "నేనొచ్చేదాకా ఏదీ ముట్టుకోకు" అన్నారు. పిల్లిని పాల దగ్గర కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నట్టుంది ఆ మాట.

అయ్యా, అమ్మా, మీరే చెప్పండి. నా మొట్టమొదటి ఇల్లు. పాలు పొంగకుండా కోవా అయ్యాయి. ఇంత అపశకునం నెత్తిన పెట్టుకుని పరీక్షకు నిలబడమంటారా? "రమణీ, గిన్నె తే" అన్నాను.

"ఆయన వద్దన్నారుగా!"

"ఆయన ముట్టుకోవద్దన్నది బల్ల మీదున్నవి. గిన్నె బల్ల మీద లేదుగా."

రమణి చిన్న స్టీలు గిన్నె తెచ్చింది. త్వరగా పొంగాలని అంచుదాకా పోశాను. ఇంకా త్వరగా పొంగాలని డబ్బాలో కర్పూరమంతా కింద కుమ్మరించాను. తొమ్మిదో తరగతితో ఆగినా సైన్సు అంటే నాకు మొదట్నించీ గౌరవమే. అటుపక్క రైలు తన మానాన తను తిరుగుతోంది. ఇటుపక్క పాలు కదిలాయి. అంచు మీద నురగ లేచింది. లేచి, గిన్నె కన్నా పెద్దదై, తెల్లటి తలపాగాలా నిలబడి, ఒక్క చుక్క తూర్పుకు జారింది. తూర్పుకే!

"పొంగాయి! రమణీ, పొంగాయే!"

"దింపండి, దింపండి!"

దింపాను. ఉత్త చేతులతో. నిప్పు మీదున్న గిన్నె కాలుతుందని తెలియడానికి ఏ బడికీ వెళ్లక్కర్లేదు. అయినా ఆ క్షణాన ఆ ఒక్క సంగతీ నాకు తెలియలేదు. "అమ్మా!" అన్నాను. గిన్నె చేతిలోంచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే ఈ కాగితం చాలదు. గిన్నెడు పాలు డాబా ఇంటిని చుట్టుముట్టి, తారురోడ్డు వెంట ఉరికి, టిఫిన్ సెంటరు బల్లల కింద దూరి, స్టేషను ప్లాట్‌ఫారం ఎక్కి, అటునుంచి పట్టాల మీదకు దూకి, దాటి జర్మనీలో కూడా ప్రవేశించాయి. దారిలో నా నల్లరేగడి ఉంది కదా, వాడేసిన టీపొడి. దాని మీద వేడి పాలు పడితే ఏమవుతుందో మీరు రోజూ పొద్దున చూస్తూనే ఉంటారు. ఊరంతా టీ అయింది. నా పెళ్లికార్డు గోడలు ఆ టీని ఎండాకాలం బాటసారుల్లా గటగటా తాగాయి. తెల్లటి సున్నం మీద మోకాలెత్తున గోధుమరంగు చార పాకింది. జర్మనీ ఇళ్లు మాత్రం ఒక్క చుక్క పీల్చలేదు. ప్లాస్టిక్కు కదా, స్నానం చేసిన పెళ్లికూతుళ్లలా మెరుస్తూ నిలబడ్డాయి.

గోరుచుట్టు మీద రోకటిపోటు ఇంకోటుంది. ఈ రైలుకు కరెంటు పట్టాల్లోంచే అందాలి. పట్టాలకు మురికైతే ఇంజను కదలదు. అందుకే విశ్వేశ్వరరావుగారు వాటిని రోజూ పసిపిల్లను తుడిచినట్టు తుడుస్తారు. కొండ చాటునుంచి కూత పెడుతూ వచ్చిన రైలు, స్టేషను ఇంకో జానెడు ఉందనగా సిగ్నలు దగ్గర పాలల్లో దిగి, ఒక్కసారి గునిసి, ఆగిపోయింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు.

ముందుగా విశ్వేశ్వరరావుగారు లోపలికొచ్చారు. బల్ల చూశారు. నన్ను చూశారు. పెదవులు కదలకుండా, "ఏం చేశావురా?" అన్నారు. నెల రోజులుగా 'అయ్యా' అన్న మనిషి 'రా'లోకి దిగారు.

"పొంగాయండీ" అన్నాను.

ఆయన వెనకే అతిథులు గదినిండా దిగారు. వాళ్లందరిలోకీ పెద్దవారు మస్తాన్‌గారు, జీవితమంతా రైల్లో గార్డుగా పచ్చజెండా ఊపినాయన. చేతులు వెనక్కి కట్టుకుని బల్ల మీదకు వంగారు. వీపు వెనక దాచిన నా కాలిన వేళ్లు మాత్రం లోపల్లోపల కేకలు పెడుతున్నాయి. అయిపోయింది, ఊరు పోయింది, రేపట్నించీ హంసలే, అనుకున్నాను.

మస్తాన్‌గారు ఆగిన రైలును చూశారు. సిగ్నలును చూశారు. స్టేషనును చూశారు. "ఈ బండి ఎందుకాగిందయ్యా ఇక్కడ?"

అబద్ధం తట్టలేదు. "వస్తూ వస్తూ ఆగిపోయిందండీ."

"స్టేషను కనబడుతోందిగా?"

"కనబడుతోందండీ. వెళ్లదు."

"ఎప్పుడు కదుల్తుంది?"

"అది మా చేతుల్లో లేదండీ."

ఆయన నిటారుగా లేచి, రెండు చేతులూ పైకెత్తి, "బెజవాడ అవుటరు!" అని అరిచారు. "ఒరేయ్ విశ్వేశ్వరం! ఇప్పుడే అక్కడే కూర్చుని, కూర్చుని, పల్లీలన్నీ తినేసి వస్తున్నాం గదరా! దేశంలో ఎన్ని బల్లలు చూశాను, అన్నింట్లో రైళ్లు తిరుగుతూనే ఉంటాయి. తిరిగే రైలు ఎవడైనా పెడతాడు. ఆగే రైలు పెట్టినోణ్ణి నిన్నే చూశా!"

గది గదంతా పగలబడి నవ్వింది. ఒకాయన సెల్లు తీశారు, ఇంకొకాయన నా గోడల దగ్గర కూర్చుండిపోయారు. "ఇది చూడండి మస్తాన్‌గారూ, వరద వచ్చిపోయిన చార! మా ఇంటికి ఇట్టాగే, ఇదే రంగు. ఎన్నిసార్లు సున్నం వేసినా పోదు. రోడ్డు మీద బురద చూడండి, ఇంకా తడిగానే ఉంది."

"ఈ తడి ఎట్టా తెచ్చావయ్యా?" అన్నారు మస్తాన్‌గారు.

"చేతులు కాల్చుకుని తెచ్చానండీ" అన్నాను. ఆ రోజు నేను ఒక్క అబద్ధం ఆడలేదని మనవి.

అంతలో ఆయన ముక్కు ఎగబీల్చారు. "టీ వాసనొస్తోందేంటి?"

రమణి ముందుకొచ్చింది. "మీరు టిఫిన్ సెంటరు ముందు నిలబడ్డారు గదండీ" అంది చల్లగా.

ఇక చప్పట్లే. రొట్టె విరిగి నేతిలో పడిందంటారు. నా ఊరు విరిగి పాలలో పడింది. చివరికి మస్తాన్‌గారు పట్టాలకు అటువైపు చూసి మొహం చిట్లించారు. "అవేంట్రా విశ్వేశ్వరం? ఊరంతా ఇంత వరదొస్తే ఆ ఇళ్లకు మచ్చైనా లేదు. మన లైన్లో అట్టాంటి ఇళ్లెక్కడ చూశావు నువ్వు? తీసెయ్ అవతల."

విశ్వేశ్వరరావుగారు గొంతు సవరించుకున్నారు. అందరి ముందూ నన్ను పట్టించవచ్చు, పట్టించినా న్యాయమే. ఆయన నా భుజం మీద చెయ్యేసి, "వీడే కట్టాడు. వీడికి కాస్త దూకుడెక్కువ" అన్నారు. అంతే.

అతిథులు వెళ్లాక తలుపేసి, గుడ్డ ఒకటి నా మొహాన కొట్టి, పట్టాలు తుడవమన్నారు. నేను తుడుస్తుంటే ఆయన కుర్చీలో కూర్చుని కాగితం మీద లెక్క వేశారు. "ఎనభై ఏడు పొడవు, ఎనభై ఏడు వెడల్పు, ఎనభై ఏడు ఎత్తు... ఆ ఊరి లెక్కన నువ్వు ఒలకబోసింది పది ట్యాంకర్ల పాలురా, దరిద్రుడా!"

"మన డెల్టాలో పాడికి కొదవేంటండీ" అన్నాను.

నవ్వకూడదని ఆయన చాలా ప్రయత్నించారు. పాపం, వల్లకాలేదు. నవ్వి నవ్వి, కళ్లజోడు తుడుచుకుని, లేచి, జర్మనీ ఇళ్లను ఒక్కొక్కటే తీసి పెట్టెలో సర్దారు. ఖాళీ అయిన అటువైపు అరచేత్తో ఓసారి నిమిరి, "ఇక్కడ బడి కట్టు" అన్నారు. "గుమ్మం ఎత్తుగా ఉండాలి."

ఊరు నాదైంది. ఈనాటికి అందులో బడి ఉంది, చేపల మార్కెట్టుంది, గోడల మీద చార అలాగే ఉంది. చెరిపితే ఒప్పుకోమని గుంటూరు నుంచి హెచ్చరికలొచ్చాయి. ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. ఇప్పుడు పట్టాలు అద్దంలా ఉండటంతో రైలు ఎక్కడా ఆగకుండా తిరుగుతుంటే, చూడటానికొచ్చినవాళ్లు నిరాశపడుతున్నారు. అందుకని స్టేషనుకు జానెడు దూరంలో, మీట నొక్కి, మేమే ఆపుతున్నాం.

కాబట్టి పాఠక మహాశయులారా, కాలి మానిన ఈ పది వేళ్లూ జోడించి, కనకదుర్గమ్మ సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణముండగా, నేను కట్టే ఏ ఇంట్లోనూ, గిన్నెతో గానీ గ్లాసుతో గానీ సీసా మూతతో గానీ, ఆవువి గానీ గేదెవి గానీ, పాలు పొంగించను. పొంగించను. పొంగించను.

వచ్చే ఆదివారం రైస్ మిల్లు ప్రారంభం. మిల్లుకు పాలెవరండీ పొంగిస్తారు? గుమ్మడికాయ కొట్టాలి. కాస్త చిన్నది చూసి తెమ్మని రమణికి చెప్పాను.